అచ్చుకీ అర్థముంది



మా ఇంగ్లిష్ మాస్టారి పేరు మీద మాట్లాడమని కబురొచ్చినప్పుడు ఏ విషయం తీసుకోవాలా అని నేను ఎక్కువసేపు తర్జనభర్జన పడలేదు. తొమ్మిదో తరగతిలో ఆయన నాకు అప్పజెప్పిన ప్రశ్న ఒకటుంది. దానికి జవాబు వెతుక్కుంటూనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఆ లెక్క ఆయన పేరున జరిగే సభలో చెప్పడం కన్నా నాకు కావలసింది లేదు.

ఆ రోజు నా కాంపొజిషన్ నోటుబుక్కులో "సర్ ఎక్స్‌ప్లెయిన్డ్ మి ద లెసన్" అని రాశాను. మాస్టారు ఎర్ర సిరాతో "మి" చుట్టూ సున్నా చుట్టి, అక్కడి నుంచి వాక్యం చివరిదాకా బాణం గీసి, "టు మి" అని రాశారు. నేను లేచి నిలబడి అడిగాను. "టోల్డ్ మి ద స్టోరీ" అంటే తప్పు కాదు కదండీ, "షోడ్ మి ద మ్యాప్" అన్నా తప్పు కాదు, మరి దీనికేం వచ్చింది అని. ఆయన సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుతూ కాసేపు ఊరుకున్నారు. "ఆ అచ్చులో ఈ మాట పట్టదురా. ఎందుకు పట్టదో నాకూ తెలీదు. నీకు తెలిసిన రోజున వచ్చి చెప్పు" అన్నారు. పాతికమంది పిల్లల ముందు నాకు తెలీదు అని ఒక ఉపాధ్యాయుడు అనడం నేను వినడం అదే మొదటిసారి.

అచ్చు అన్నారాయన. చెరుకు గానుగల కాలంలో పెరిగిన వాళ్ళం కాబట్టి నాకు వెంటనే బెల్లం అచ్చు కళ్ళముందు కదిలింది. పాకం పోస్తారు, ఆరాక తిరగేసి కొడతారు, దిమ్మ ఊడి వస్తుంది. తీపంతా పాకానిది. అచ్చు ఇచ్చేది ఆకారం మాత్రమే. మాటలు పాకమనీ, వాక్య నిర్మాణం అచ్చనీ, అర్థమంతా మాటల్లోనే ఉంటుందనీ నేను చాలా ఏళ్ళు నమ్మాను. పిల్లలకూ అలాగే చెప్పాను. అది సరికాదని, వాక్యపు అచ్చుకు దాని సొంత అర్థం ఒకటి ఉంటుందని చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

ఒక చిన్న పరీక్ష పెడతాను. "షి గొలిమ్డ్ మి ఎ మ్యాంగో." గొలిమ్ అనే క్రియ ఏ నిఘంటువులోనూ లేదు, ఇప్పుడే కల్పించాను. అయినా ఈ వాక్యం వినగానే మీకు ఏం తోచింది? ఆవిడ నాకు ఎలాగో ఒక మామిడిపండు అందించింది అని కదూ. విసిరిందో, కోసిచ్చిందో, కొనిచ్చిందో తెలియదు. నాకు అందిందని మాత్రం తెలుస్తోంది. ఆ అందడం ఏ మాటలో ఉంది? "షి"లో లేదు, "మి"లో లేదు, "మ్యాంగో"లో లేదు. గొలిమ్‌కు అసలు అర్థమే లేదు. మిగిలింది ఒక్కటే. కర్త, క్రియ, వెనకే మనిషి, ఆ వెనకే వస్తువు అనే ఆ వరస.

కాషక్, గ్లెన్‌బర్గ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2000లో ప్రచురించిన ప్రయోగాలు ఇలాంటివే. చంకకర్ర వంటి వస్తువుల పేర్లనే క్రియలుగా మార్చి వాక్యాలు కట్టి చదివించారు. ఈ వరసలో పెట్టినప్పుడు చదివినవాళ్ళు చంకకర్ర సాయంతో వస్తువును అవతలివాళ్ళకు అందించారని అర్థం చేసుకున్నారు. మాట ఆ వస్తువును చూపించింది, దానితో ఏం జరిగిందో అచ్చు చెప్పింది.

ఈ అచ్చునే కొంచెం దగ్గరగా చూద్దాం. "హి ఓపెన్డ్ మి ఎ సోడా" అనవచ్చు. "హి ఓపెన్డ్ మి ద డోర్" అంటే ఇంగ్లిష్ చెవికి పొసగదు. క్రియ ఒకటే, వరస ఒకటే, తేడా ఎక్కడ? సోడా తీస్తే అది నా చేతికొస్తుంది. తలుపు తీస్తే నేను లోపలికి వెళతాను గాని తలుపు నాది కాదు. ఈ అచ్చు వస్తువు ఒకరి వశం కావాలని పట్టుబడుతుంది. అందుకే "ఐ సెంట్ మై బ్రదర్ ఎ ఫైల్" బాగుంటుంది. "ఐ సెంట్ ఢిల్లీ ఎ ఫైల్" అంటే మాత్రం ఢిల్లీ అన్నది ఊరు కాకుండా అక్కడ కూర్చున్న ప్రభుత్వం అయిపోతుంది. ఊరు ఫైలు అందుకోలేదు, మనుషులే అందుకోవాలి. మాట మారలేదు, అచ్చు ఊరిని మనిషిని చేసింది. ఈ సంగతి నాకు మొదటిసారి తట్టిన రాత్రి నిద్ర పట్టలేదు.

"టు" పెట్టి చెప్పే రెండో వరస కూడా ఇదే అర్థమిస్తుందని మనం పిల్లలకు చెబుతాం. దాదాపు నిజమే గాని పూర్తిగా కాదు. "ద నాయిస్ గేవ్ మి ఎ హెడేక్" అంటాం. "గేవ్ ఎ హెడేక్ టు మి" అనడం అరుదు. తలనొప్పి ఒకచోటి నుంచి బయలుదేరి నా దగ్గరికి నడిచి రాదు, నాకు కలుగుతుంది, అంతే. "టు"లో ప్రయాణం ఉంది, మొదటి వరసలో ప్రాప్తి ఉంది.

ఇంగ్లిష్ ఇలా వరసకే అర్థం అప్పగించడానికి చరిత్రలో కారణముంది. వెయ్యేళ్ళ నాటి ఇంగ్లిష్‌లో మనకున్నట్టే విభక్తులుండేవి. ఇవాళ్టి "హిమ్" అప్పట్లో మన "అతనికి". "అతన్ని" అనడానికి "హినె" అనే వేరే రూపం ఉండేది. "అమ్మ పాపకు పాలిచ్చింది, పాలు పాపకు అమ్మ ఇచ్చింది" అని మనం మాటల్ని అటూ ఇటూ జరిపినా "కు" కాపలా ఉంటుంది గనక అర్థం చెదరదు. అప్పటి ఇంగ్లిష్‌కీ ఆ వెసులుబాటు చాలావరకు ఉండేది. ఆ తరవాతి శతాబ్దాల్లో మాటల చివరి ధ్వనులు అరిగిపోయాయి, విభక్తులు రాలిపోయాయి. వాటి బరువు స్థానం మీద పడింది. క్రియ పక్కన ఎవరు నిలబడ్డారన్నదే ఇవాళ అక్కడి నాలుగో విభక్తి.

రాలిపోయిన విభక్తి ఒకటి ఇప్పటికీ ఒక మూల దాక్కుని ఉంది. "ద మోర్ ద మెరియర్" అనే మాటలోని "ద" మనం బళ్ళో నేర్చుకున్న ఆర్టికల్ కాదు. పాత ఇంగ్లిష్‌లో "దానిచేత, అంతమేరకు" అనే అర్థమిచ్చే తృతీయా రూపం అరిగి అరిగి "ద"గా మిగిలింది. ఈ వాక్యానికి క్రియ అక్కర్లేదు. ఏ వ్యాకరణ సూత్రంతోనూ దీన్ని ముక్కలుగా విడదీసి మళ్ళీ కట్టలేం. మొత్తంగా ఒక అచ్చు: ఇది పెరిగితే అది పెరుగుతుంది అని దాని అర్థం. మనకీ ఇలాంటిదే ఉంది. "ఎంత చెట్టుకు అంత గాలి." ఇందులో క్రియేది? ఎంత, అంత అనే జంటే పని మొత్తం చేసేస్తోంది.

ఇప్పుడు కాస్త భాషాశాస్త్ర చరిత్ర, త్వరగా ముగిస్తాను. నోమ్ చామ్‌స్కీ "సింటాక్టిక్ స్ట్రక్చర్స్" 1957లో వచ్చింది. ఆ దారిలో నడిచిన వ్యాకరణం నానాటికీ సాధారణ సూత్రాల వైపు వెళ్ళింది. 1980ల నాటికి విడివిడి వాక్య నిర్మాణాలు నిజమైన సరుకు కాదు, లోతైన కొన్ని సూత్రాలు కలిసినప్పుడు పైకి తేలే నురగ అనే భావన ఆ బడిలో స్థిరపడింది. జాతీయాలు, వింత నిర్మాణాలు అంచులకు చేరాయి. బర్క్‌లీలో చార్ల్స్ ఫిల్‌మోర్ ఆ అంచుల్నే చేతిలోకి తీసుకున్నాడు. 1968లో "ద కేస్ ఫర్ కేస్" రాసింది ఈయనే. మన కారక విచారణ తెలిసినవాళ్ళకు ఆ వ్యాసం పరాయిదనిపించదు. 1988లో పాల్ కే, మేరీ కేథరిన్ ఓకానర్‌లతో కలిసి ఆయన ఒక పెద్ద వ్యాసం రాశాడు. అంతా "లెట్ అలోన్" అనే రెండు మాటల గురించి. ఇంత చిన్న మూలలోనే ఇంత నియమబద్ధత, ఇంత నిర్దిష్టమైన అర్థం ఉంటే, అంచుకూ నడుమకూ మధ్య గోడ ఎక్కడుందన్నదే ఆ వ్యాసం లేవదీసిన ప్రశ్న. బర్క్‌లీలోనే చదువుకున్న అడెల్ గోల్డ్‌బర్గ్ 1995లో తన పుస్తకంలో ఆ గోడను ఇటువైపు నుంచీ కూల్చింది. వింత జాతీయాలే కాదు, "ఆయన నాకు పుస్తకం ఇచ్చాడు" వంటి అతి మామూలు వాక్యపు చట్రం కూడా రూపం, అర్థం జంటగా కట్టుకున్న మూటే అని ఆమె వాదన. మాటకు రూపమూ అర్థమూ ఉన్నట్టే వాక్యపు చట్రానికీ ఉంటాయి. నిఘంటువు, వ్యాకరణం వేర్వేరు పెట్టెలు కావు.

ఆ "లెట్ అలోన్" మన పిల్లలను ఎలా తికమక పెడుతుందో చెప్పాలి. "హి కాంట్ రీడ్ ఇంగ్లిష్, లెట్ అలోన్ రైట్ ఇట్." తెలుగులో సహజంగా వచ్చేదేమిటి? "ఇంగ్లిష్ రాయడం మాట దేవుడెరుగు, చదవడమే రాదు." వరస తలకిందులైంది. ఇంగ్లిష్ చిన్న మెట్టు ముందు పెట్టి, అదే ఎక్కలేనివాడు పెద్ద మెట్టు ఏం ఎక్కుతాడు అంటుంది. మన "దేవుడెరుగు" పెద్ద మెట్టును ముందే పక్కకు తోసేసి చిన్న మెట్టు దగ్గర ఆగుతుంది. "చదవడమే రాదు, ఇంక రాయడమెక్కడ" అనే వరస కూడా మనకుంది గాని నోటికి ముందు వచ్చేది మొదటిదే. నా తరగతుల్లో పిల్లలు "హి కాంట్ రైట్, లెట్ అలోన్ రీడ్" అని ఎన్నిసార్లు రాశారో లెక్కలేదు. ప్రతి మాటకూ అర్థం తెలుసు వాళ్ళకి. మెట్ల అమరిక అచ్చులో ఉందని ఎవరూ చెప్పలేదు. నేనూ చాలాకాలం చెప్పలేదు.

ఇంకో రెండు జంటలు చూపిస్తాను, ఇవంటే నాకు ప్రాణం. బల్ల మీద చెప్పులు కనిపిస్తే ఇంగ్లిష్ తల్లి "వాట్ ఆర్ దీజ్ షూస్ డూయింగ్ ఆన్ ద టేబుల్?" అంటుంది. చెప్పులు ఏమీ చేయడం లేదు. ఇది ప్రశ్న రూపంలో ఉన్న గద్దింపు. ఇవి ఇక్కడ ఉండకూడదు అని దాని అర్థం. కే, ఫిల్‌మోర్ 1999లో దీని మీదే ఒక వ్యాసం రాశారు. తెలుగు తల్లి ఏమంటుంది? "ఈ చెప్పులకి ఇక్కడేం పని?" చెప్పులకు పనేమిటి! రెండు భాషలూ వేర్వేరు దారుల్లో బయలుదేరి ఒకే విసుగు దగ్గర కలుసుకున్నాయి. రెండోది "హిమ్ వేర్ ఎ టై?" అనే మాట. ఇందులో "హి" ఉండాల్సిన చోట "హిమ్" ఉంది, క్రియకు కాలం లేదు. బళ్ళో రాస్తే సున్నా. కానీ తప్పు కాదిది, నమ్మలేనితనానికి ఇంగ్లిష్ పోసుకున్న అచ్చు. "వాడేమిటి, టై కట్టడమేమిటి!" అని మనం అనేది సరిగ్గా ఇదే. మన వాక్యంలో రెండు "ఏమిటి"లున్నాయి, ఒక్కటీ ఏమీ అడగడం లేదు.

అచ్చులు కలవని చోట్లు కూడా ఉన్నాయి. తుమ్మడం అకర్మక క్రియ, దానికి కర్మ ఉండదు. గోల్డ్‌బర్గ్ ఈ క్రియనే తీసుకుని ప్రసిద్ధం చేసింది. నా ఉదాహరణ మన బస్సులోది: "ద కండక్టర్ స్నీజ్డ్ ద టికెట్స్ అవుట్ ఆఫ్ ద విండో." తెలుగులో చెప్పండి. "కండక్టరు తుమ్మేసరికి టికెట్లు కిటికీలోంచి ఎగిరిపోయాయి." మనకు రెండు క్రియలు కావాలి, మధ్య "సరికి" అనే లంకె కావాలి. ఎగరడం అనే మాట ఇంగ్లిష్ వాక్యంలో లేదు. ఒకరి చేత ఒక వస్తువు ఒక దారిన కదిలింది అనే అచ్చు సిద్ధంగా ఉంది, అందులో తుమ్మును పోశారు. అదే బస్సులో "షి ఎల్బోడ్ హర్ వే టు ద సీట్" అంటే? "మోచేతులతో తోసుకుంటూ సీటు దాకా వెళ్ళింది." ఇక్కడా "వెళ్ళింది" ఇంగ్లిష్‌లో లేదు. "హర్ వే" అనే రెండు మాటలున్న ఈ అచ్చు కష్టపడి దారి చేసుకుని ముందుకు సాగడాన్ని చెబుతుంది. అందుకే దారి ఖాళీగా ఉన్నప్పుడు "వాక్డ్ హిస్ వే టు ద గేట్" అంటే వెలితిగా ఉంటుంది. గేటుదాకా మోకాటిలోతు బురద ఉందంటే నిండుగా ఉంటుంది.

మనం క్రియలను గొలుసు కడతాం. చేసి, తోసి, తోసుకుంటూ, తెచ్చి. "రాసిపెట్టాడు" అంటే నా కోసం రాశాడని అర్థం, ఆ "కోసం" అంతా "పెట్టు"లో ఉంది. "తలనొప్పి తెచ్చిపెట్టాడు" అన్నప్పుడు అదే "పెట్టు" కీడు చేస్తోంది. ఆ పని ఇంగ్లిష్‌లో నామాలు నిలబడే చోటు చేస్తుంది. చేకూరి రామారావుగారి "తెలుగు వాక్యం" 1975లో వచ్చింది. మన వాక్యాన్ని మన వాక్యంగానే చూడాలన్న పట్టుదల నాకు ఆ పుస్తకం చదివాకే వచ్చింది. రెండు భాషల అచ్చుల్ని పక్కపక్కన పెట్టి చూసే పని అంత శ్రద్ధగా ఇంకా జరగాలి. మన విశ్వవిద్యాలయాల్లో తెలుగు శాఖ ఒక మేడ మీద, ఇంగ్లిష్ శాఖ మరో మేడ మీద ఉంటాయి. మధ్య మెట్లు దిగి వచ్చేవాళ్ళు తక్కువ. ఇది నాకు బాధ.

వాక్యార్థం ఎక్కడి నుంచి పుడుతుందన్నది మన నేల మీద కొత్త ప్రశ్న కాదు. పదాలు ముందు తమ తమ అర్థాలు చెబితే ఆ అర్థాలు తరవాత అన్వయిస్తాయని మీమాంసకుల్లో కుమారిలభట్టు పక్షం. పదం ఎప్పుడూ అన్వయించిన అర్థాన్నే చెబుతుందని ప్రాభాకరుల పక్షం. శతాబ్దాల తరబడి వాదించుకున్నారు. మనవాళ్ళు ఇదంతా ముందే చెప్పేశారనడం నా ఉద్దేశం కాదు, అలా అనడం అప్పటివాళ్ళకూ ఇప్పటివాళ్ళకూ అన్యాయం. ఆ మీమాంసకుల ముందున్నది విభక్తులు నిండుగా ఉన్న సంస్కృతం. విభక్తులు రాలిన భాషలో ప్రశ్న మరోలా మొలుస్తుంది.

ఇక నా బాకీ. "ఎక్స్‌ప్లెయిన్ మి" ఎందుకు పట్టదు?

అర్థం అడ్డుపడడం లేదు. వివరణ నాకు అందుతూనే ఉంది, కథ అందినట్టే. ఒక కారణం మాట వాలకంలో ఉంది. ఈ అచ్చులో సులువుగా ఇమిడేవి "గివ్, టెల్, షో, సెండ్" వంటి చిన్న దేశి మాటలు, లేదా "ఆఫర్, ప్రామిస్" లాగా మొదటి అక్షరం మీద ఊనిక ఉన్నవి. లాటిన్, ఫ్రెంచి దారుల్లో వచ్చి రెండో అక్షరం మీద ఊనిక పడే "ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, డిస్‌క్రైబ్" వంటివి చాలావరకు బయటే నిలబడతాయి. పుస్తకాలు బడికి "గివ్" చేయవచ్చు ఈ వరసలో. "డొనేట్" చేస్తే మాత్రం "టు" కావాలి. ఇంగ్లిష్ పిల్లలకు లాటిన్ తెలియదు, చెవికి తెలుస్తుంది. మినహాయింపులున్నాయి, "అసైన్" చక్కగా పడుతుంది. అందుకని ఇదొక్కటే చాలదు. రెండో కారణం వినికిడి. "ఎక్స్‌ప్లెయిన్ మి" అనడానికి వీలున్న ప్రతి సందర్భంలోనూ ఇంగ్లిష్ పిల్ల వినేది "ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి". వేలసార్లు విన్న ఆ మాట, ఎప్పుడూ వినని ఈ మాటకు చోటు లేకుండా చేస్తుంది. ఎవరూ తప్పని చెప్పనక్కర్లేదు. గోల్డ్‌బర్గ్ 2019లో ఈ ప్రశ్న మీదే ఒక పుస్తకం తెచ్చింది. దాని పేరు "ఎక్స్‌ప్లెయిన్ మి దిస్". అట్ట మీద ఆ పేరు చూసి, నా నోటుబుక్కులోని ఎర్ర సున్నా గుర్తొచ్చి, పుస్తకం తెరవకుండానే చాలాసేపు కూర్చున్నాను. చెప్పడానికి మాస్టారు అప్పటికే లేరు.

మన పిల్లలు ఆ వేలసార్లు వినరు. వాళ్ళు వినేది "నాకు చెప్పండి, నాకు చూపించండి, నాకు వివరించండి." అన్నిటికీ ఒకే "కు". జ్వరానికీ, ఆకలికీ, ఇద్దరు కూతుళ్ళకీ కూడా అదే "కు". ఆ ఉదారమైన "కు" అలవాటైన పిల్ల "ఎక్స్‌ప్లెయిన్ మి" అంటే అది బుద్ధిలేనితనం కాదు. తన భాష అచ్చును నమ్మకంగా పరాయి పాకానికి పట్టింది. ఎర్ర సిరా పెట్టే ముందు ఉపాధ్యాయుడు ఆ నమ్మకాన్ని గుర్తించాలని నేను గట్టిగా కోరుకుంటాను.

మాస్టారి బల్ల మీద హార్న్‌బీ నిఘంటువు ఉండేది, ఖాకీ కాగితం అట్ట వేసి. 1942లో జపాన్‌లో మొదట అచ్చయి, 1948లో ఆక్స్‌ఫర్డ్ వారి చేతికి వచ్చిన పుస్తకమది. అందులో ప్రతి క్రియ పక్కనా అది ఏ వరసలో నడుస్తుందో తెలిపే సంకేతాలుంటాయి. హైదరాబాద్‌లో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్, అంటే నేటి ఇఫ్లూ, మొదలైన రోజుల్లో చాలాచోట్ల ఇంగ్లిష్ పాఠాలు ఇలాంటి వరసల వల్లెవేతతో సాగేవి. ఆ వల్లెవేతను తీసిపారేయడం నాకిష్టం లేదు, దాని వల్లే నా తరానికి వాక్యం నిలబడింది. లోటు ఒక్కటే. ఏ క్రియ ఏ అచ్చులో పడుతుందో చెప్పారు గాని ఆ అచ్చు ఏమంటోందో చెప్పలేదు. మాస్టారు మాత్రం సంకేతాల పక్కన పెన్సిలుతో తెలుగులో రాసుకునేవారు. ఆయన పోయాక వాళ్ళ అబ్బాయి ఆ పుస్తకం నా చేతిలో పెడితే తిరగేశాను. "గివ్" దగ్గర, రెండు నామాల వరస పక్కన, చిన్న అక్షరాలతో ఒక్క మాట ఉంది: "చేతికొచ్చింది."

ఆయన పుస్తకాలు ఇప్పుడు మన బడి గ్రంథాలయంలో ఒక బీరువాలో ఉన్నాయి. ఆ బీరువా మీద పెట్టే పలకకు ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యం రాయమని కుటుంబం నన్నడిగింది. "హి టాట్ ఇంగ్లిష్ టు అస్" అని రాసిచ్చాను. ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. "టు" పెట్టిన వరసలో పాఠం మా వైపు బయలుదేరిందని మాత్రమే ఉంది, మాకు అందిందో లేదో లేదు. రెండు నామాల వరసలో అందినట్టు వినిపిస్తుంది. మర్నాడు పొద్దున్నే పలక చెక్కేవాడి దగ్గరికి వెళ్ళాను. అతను ఇంకా మొదలుపెట్టలేదు. కాగితం తీసుకుని "టు" కొట్టేసి, "అస్"ను ముందుకు జరిపి, "హి టాట్ అస్ ఇంగ్లిష్" అని తిరగరాసి ఇచ్చాను.